అత్తగారి తేనెరంగు దీపాలు

పెద్దకోడలికి నోరెక్కువని వీధి మొత్తానికీ తెలుసు. కూరగాయల బండి దగ్గర ఆగిందంటే, బండివాడు బేరం సంగతి మరిచిపోయి తన తమ్ముడి పెళ్ళి సంబంధాల దాకా చెప్పేసుకుంటాడు. పార్లర్‌లో కుర్చీలో కూర్చున్నవాళ్ళ జుట్టు ఎంత పొడుగో కథ అంత పొడుగు. భుజాల దాకా ఉన్నవాళ్ళకు చిన్నకథ, నడుం దాటిన జడలకు నవల. అంతటి మనిషి, తోడికోడలు వెళ్ళిపోతానంటే "వెళ్ళకే" అనలేకపోయింది. ఇంత నోరుండి ఏం లాభం చెప్పండి!

విషయం ఏమిటంటే, వీధికి ఇటువైపు అత్తగారి పార్లర్ ఉంది. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, తల కడిగే బేసిన్ ఒకటి, ఆడవాళ్ళు కూర్చుని వీధిని విమర్శించడానికి ఒక బల్ల. అటువైపు ఈమధ్యే ఒక పెద్ద సెలూన్ తెరిచారు. దాని ముందు గోడ మొత్తం అద్దమే. ఆ సెలూన్ మేడమ్ ఒకరోజు చిన్నకోడల్ని పిలిచి, "మేకప్ పని అంతా నీ చేతుల్లో పెడతాను, వచ్చే నెల మొదటి సోమవారం నాటికి ఏ సంగతీ చెప్పు" అంది. చిన్నకోడలు ఆ రోజు ఇంటికొచ్చి, గిన్నెలు తోముతున్న పెద్దకోడలి పక్కన నిలబడి తడి గిన్నెలు తుడుస్తూ ఆ కబురు చెప్పింది.

"వెళ్ళనా అక్కా?"

పెద్దకోడలి చేతిలోంచి మూత జారి గిర్రున తిరిగింది. అది ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"నీ ఇష్టమే. మంచి అవకాశం కదా" అంది పెద్దకోడలు.

అలా ఎందుకంది అంటే, ఆవిడ లెక్క ఆవిడకుంది. చిన్నకోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు దువ్వెన పట్టుకోవడం కూడా సరిగా రాదు. జడ వెయ్యమంటే తాడు పేనేది. అన్నీ నేర్పింది పెద్దకోడలే. మేకప్ మాత్రం ఆ పిల్ల తనంతట తాను నేర్చుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే గురువును మించిపోయింది. అలాంటి చేతిని ఈ చిన్న కొట్లో కట్టిపడేయడం స్వార్థం కాదా అనుకుంది పెద్దకోడలు. అడ్డం పడకూడదనుకుంది. అనుకున్న క్షణం నుంచీ ఆవిడకు తిండి సహించడం లేదు.

చిన్నకోడలు వెళ్తానన్నది జీతం కోసం కాదు. దీపాల కోసం.

పార్లర్ పైకప్పుకు మూడు దీపాల గుత్తులు వేలాడుతుండేవి. అత్తగారు కొట్టు తెరిచిన కొత్తలో పెట్టించినవి. ఒక్కో గుత్తికి మెలికలు తిరిగిన ఐదు ఇత్తడి కొమ్మలు, కొమ్మకొమ్మకూ ఆకాశం వైపు విచ్చుకున్న పువ్వులాంటి గాజు డోము, డోము అంచున కుచ్చిళ్ళు, కింద పూసల దండలు. వాటిలోంచి వచ్చే వెలుగు అచ్చం తేనె రంగులో ఉండేది. "ఏరి కోరి తెప్పించాను. తేనెరంగు గాజు. ఇప్పుడు దొరకమన్నా దొరకదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రెండోసారి వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది.

ఆ తేనె వెలుగులో అందరూ అందంగానే కనిపిస్తారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఈమధ్య చిన్నకోడలు ఒక పెళ్ళికూతురికి మేకప్ వేసింది. లోపల చూస్తే బొమ్మలా ఉంది. వీధిలోకి వెళ్ళి ఎండలో నిలబడేసరికి మొహం లేత వంకాయ రంగు తిరిగింది. పెళ్ళికూతురి చెల్లెలు నలుగురిలో, "అక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. చిన్నకోడలు మళ్ళీ పిలిచి, మొహం కడిగించి, ఈసారి గుమ్మంలో కూర్చోబెట్టి మొదటినుంచీ వేసింది. ఆ తర్వాత బేసిన్ వెనక నిలబడి ఏడ్చింది.

"ఆ తేనె వెలుగులో నా కళ్ళు నన్నే మోసం చేస్తున్నాయక్కా. రంగు కలపాలంటే భయం వేస్తోంది" అంది.

అదిగో, ఆ మాట పెద్దకోడలికి దారి చూపించింది. ఉండమని అడగలేదు గానీ, ఉండడానికి వీలుగా చేయగలదు కదా. సోమవారం లోపల దీపాలు మార్చేస్తే సరి! మనసులో మాట చెప్పడానికి నోరు రానివాళ్ళు ఇలాగే గోడలు తొలిపించడం దాకా వెళ్తారు.

ఇద్దరూ కలిసి లైట్ల షాపుకెళ్ళారు. నచ్చినదాని కింద వేలాడుతున్న ధర చీటీ తిప్పి చూసి, "మళ్ళీ వస్తాం" అన్నారు. ఆ మాటకు అర్థం షాపువాడికి పుట్టుకతోనే తెలుసు, తల కూడా ఎత్తలేదు. చివరికి తెల్లటి వెలుగిచ్చే బల్బులు మాత్రం కొనుక్కుని బయటపడ్డారు.

"బల్బులున్నాయి, ఇక దీపాలు కావాలి" అంది చిన్నకోడలు నవ్వుతూ.

"ఉన్నవాటినే మారుద్దాం. మనం చేసేది ఆ పనే కదా. ఉన్న మొహాన్నే కదా బాగుచేసి పంపిస్తాం" అంది పెద్దకోడలు.

అత్తగారిని ఒప్పించడం ఇంకో ఎత్తు. ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

"నా ఇత్తడి జోలికి రావద్దు" అంది.

"పాతబడిపోయాయి అత్తయ్యా."

"నేనూ పాతబడ్డాను. నన్నూ పీకేస్తారా?"

"మిమ్మల్ని పీకడం మా వల్ల ఎక్కడవుతుంది" అంది పెద్దకోడలు. అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వు వచ్చిందంటే సగం ఒప్పుకున్నట్టే. కానీ ఒక షరతు పెట్టింది. ఒక్క మర కూడా కొట్టు గడప దాటకూడదు, పాత సామాన్లవాడి నీడ కూడా దాని మీద పడకూడదు.

ఆదివారం పార్లర్‌కు సెలవు. పొద్దున్నే ఫ్యూజు బాబాయి నిచ్చెన భుజాన వేసుకుని దిగాడు. ఆయన అసలు పేరు ఆయన రేషను కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధిలో ఎవరింట్లో పనికి వెళ్ళినా ముందు ఒక ఫ్యూజు పోతుంది, తర్వాత దీపం వెలుగుతుంది. రెండూ గ్యారంటీ. ఆ రోజు కూడా నిచ్చెన ఎక్కీ ఎక్కకముందే ఠప్పుమని శబ్దం వచ్చింది. అందరూ "హమ్మయ్య, అయిపోయింది" అనుకుని పనిలో పడ్డారు.

పని మొదలుపెట్టే ముందు పెద్దకోడలు అద్దాలకు ముసుగులు దించింది. అది ఆ పార్లర్ పద్ధతి. ప్రతి అద్దానికీ పైన ఒక గుడ్డ తెర చుట్టి ఉంటుంది. కుర్చీలో మనిషి కూర్చోగానే తెర దించేస్తారు, పని పూర్తయ్యాకే ఎత్తుతారు. "సగం వండిన కూర రుచి చూపిస్తామా ఎవరికైనా?" అంటుంది అత్తగారు. ఇన్నేళ్ళలో ఆ నియమం తప్పలేదు. దీపాల పని అయినా సరే, తెరలు దిగాయి.

బాబాయి గుత్తులు మూడూ దించి నేల మీద పరిచిన పాత దుప్పటి మీద పెట్టాడు. దగ్గరనుంచి చూస్తే ఇత్తడి ముదురు గోధుమ రంగులో, మచ్చలు మచ్చలుగా ఉంది. పెద్దకోడలు నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దింది. ఉప్పు అరిగింది, నిమ్మచెక్క అరిగింది, చేతులు మండాయి. ఇత్తడి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"ఏమ్మా, దాని మీద వార్నిష్ పొర ఉంటుంది. మెరుపు పోకుండా కంపెనీవాళ్ళే వేస్తారు. ముందది పోవాలి" అన్నాడు బాబాయి నిచ్చెన మీంచి.

"ఎలా పోతుంది?"

"మందు ఏదో ఉంటుంది. అదే, వాసన ఘాటుగా ఉంటుంది చూడు. పేరు నోట్లోనే ఉంది..."

బాబాయి నోట్లో ఉన్న పేరు నోట్లోనే ఉండగా, చిన్నకోడలు లేచి షెల్ఫులోంచి ఒక సీసా తెచ్చింది. గోళ్ళ రంగు తుడిచే నెయిల్ పాలిష్ రిమూవర్. దూది మీద వేసి కొమ్మ చివర ఒక్కసారి తుడిచింది. దూదికి గోధుమ రంగు జిగురు అంటుకుంది. దాని కింద వేలెడంత మేర ఇత్తడి కోడిపిల్ల రంగులో బయటపడింది.

"ఇది కూడా గోరే అక్కా!" అని అరిచింది.

ఇక చూడాలి వాళ్ళిద్దరి సంబరం. కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, ముక్కులకు చున్నీలు కట్టుకుని, కొట్లో ఉన్న రిమూవరు మొత్తం ఆ కొమ్మలకు తాగించారు. గోళ్ళ సందుల్లోంచి రంగు తీసే సన్నటి పుల్లలతో మెలికల్లోకి వెళ్ళారు. పెద్దకోడలి నోరు మళ్ళీ తెరుచుకుంది. ప్రతి కొమ్మనూ ఒక కస్టమర్ని చేసి పలకరించింది. "రండి రండి, చాలాకాలమైంది, ఎవరింట్లో పెళ్ళి?" అని ఒకదాన్ని, "మొహం ఇలా అయిందేమిటమ్మా, ఎండలో తిరిగావా?" అని ఒకదాన్ని. చిన్నకోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వింటుంటే పెద్దకోడలికి ఒక పక్క సంతోషం, ఒక పక్క దిగులు. సోమవారం తర్వాత ఈ నవ్వు వీధికి అటుపక్క వినిపిస్తుందేమో అనుకుంది. పుల్లను ఇంకాస్త గట్టిగా తిప్పింది.

డోముల వంతు వచ్చింది. బేసిన్‌లో వేడినీళ్ళు నింపారు. సబ్బు వెతుకుతుంటే చేతికి షాంపూయే తగిలింది, అదే పోశారు. చిన్నకోడలు ఒక డోమును ముంచి, అలవాటు కొద్దీ తల రుద్దినట్టే వేళ్ళ కొసలతో రుద్దింది. నీళ్ళు పలచటి టీ రంగులోకి మారాయి. ఇంకోసారి షాంపూ పెట్టింది. నీళ్ళు చిక్కటి టీ అయ్యాయి.

"కండిషనర్ కూడా పెట్టనా?" అంది.

పెద్దకోడలు డోము వంకే చూస్తోంది. చిన్నకోడలు చేతిలో ఉన్నది తేనెరంగు డోము కాదు. పాలలాంటి తెల్లటి డోము. పొగమంచులాంటి గాజు మీద సన్నటి తీగలు చెక్కి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ తీగలు ఉన్నాయన్న సంగతే ఎవరికీ తెలియదు.

"అత్తయ్యా..." అంది పెద్దకోడలు మెల్లగా.

అత్తగారు వచ్చి చూసింది. "ఇది నాది కాదు. మార్చేశారు" అంది.

ఇంకోటి కడిగారు. అదీ తెల్లదే. మూడోది ఆవిడే స్వయంగా కడిగింది. టీ నీళ్ళు, తెల్లటి గాజు. విషయం అప్పటికి అందరికీ అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఆ కొట్లో కొట్టిన హెయిర్ స్ప్రే, పట్టిన ఆవిరి, వేడి మెషిన్ల కింద కమిలిన జుట్టు పొగ, అన్నీ పైకి పోయి, ఆ పువ్వుల్లో పొర మీద పొర పేరుకున్నాయి.

"అయితే నేనిన్నాళ్ళూ పొగిడింది జిడ్డునా?" అంది అత్తగారు.

బాబాయి నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు, నవ్వుకు ఊగిపోతోంది.

అత్తగారు ఇంకో డోము ఎత్తి చూసింది. "మీ మావయ్యగారి పని ఇది. నేను తేనెరంగువి తెమ్మన్నాను. ఆయన తెచ్చినవి తెల్లగా ఉన్నాయేమిటని అడిగితే, 'కంగారుపడకు, రంగు మెల్లగా దిగుతుంది' అన్నారు. చవకవి తెచ్చి నా నోరు మూయించారన్నమాట!" అని, మళ్ళీ డోము వంక చూసి, "కానీ అన్నట్టే దిగిందిగా!" అంది. ముందు ఆవిడే నవ్వింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

డోములన్నీ స్నానాలు చేసి తువ్వాళ్ళ మీద వరసగా ఆరాయి. పూసల దండలు తీసేశారు. గొలుసులు కురచ చేశారు. వార్నిష్ పోయిన ఇత్తడిని మెత్తటి గుడ్డతో తుడిస్తే, ఎక్కువ తళతళ లేకుండా నిదానంగా మెరిసింది. చూస్తే పాతవని ఎవరూ అనరు. చిన్నకోడలికి ఇంకో ఆలోచన వచ్చింది. ఎదుటి సెలూన్‌లో దీపాలన్నీ కిందికి చూస్తుంటాయి. వీటిని కూడా తిప్పేస్తే? బాబాయి మరలు వదులు చేసి కొమ్మల్ని తలకిందులు చేశాడు. పువ్వులు నేల వైపు తిరిగాయి. నిజంగానే కొత్త ఫ్యాషన్‌లా కనిపించాయి. భోజనం చేసి వచ్చి మూడు గుత్తుల్నీ మళ్ళీ పైకప్పుకు బిగించేసరికి సాయంత్రమైంది.

"స్విచ్ వెయ్యి బాబాయ్" అంది పెద్దకోడలు.

వేశాడు. ఏ ఫ్యూజూ పోలేదు. గది మొత్తం తెల్లగా విచ్చుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో పెద్దకోడలు తాడు లాగి అద్దాల మీద తెరలు ఒక్కసారిగా ఎత్తింది.

అద్దాల్లో నలుగురు ముసలివాళ్ళు కనిపించారు.

కళ్ళ కింద గుంతలు. బుగ్గల మీద లోయలు. ఒక్కొక్కరి ముక్కు కిందా మీసంలాంటి నీడ. నడినెత్తి మీద పడ్డ వెలుగు మొహంలో ఉన్న ప్రతి గీతనూ వెతికి వెతికి పట్టుకుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. తెరలు ఎత్తి ఉంటే మొదటి గుత్తి బిగించి వెలిగించగానే తెలిసిపోయేది. కానీ పని పూర్తయ్యేదాకా అద్దం చూపించకూడదన్న నియమం ఒకటి ఏడ్చింది కదా, దాన్ని వాళ్ళు దీపాలకు కూడా పాటించారు.

"నాకు మీసం ముందే ఉంది కాబట్టి పెద్ద తేడా తెలియట్లేదు" అన్నాడు బాబాయి.

ఎవరూ నవ్వలేదు. చిన్నకోడలు అద్దంలో తనను తాను చూసుకుని, మెల్లగా దూది ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"పోనీలే అక్కా. మీరు చాలా కష్టపడ్డారు. ఇంక వద్దు" అంది. గొంతు మామూలుగానే ఉంది. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

పెద్దకోడలు దగ్గరికి వెళ్ళింది. రేపే సోమవారం.

"ఏమైందే?"

"ఏం లేదు. కంట్లో రిమూవర్ పడినట్టుంది."

"అయ్యో, కంట్లోనా! ఇటు తిరుగు, చూడనీ."

బల్బుల్ని పరీక్షించడానికి బాబాయి ఒక గుత్తిలోంచి ఊడదీసి పొడుగాటి వైరుకు తగిలించుకున్న కొమ్మ ఒకటి కుర్చీ మీద వెలుగుతూ ఉంది. పెద్దకోడలు అది చేతిలోకి తీసుకుని, చిన్నకోడలి గడ్డం పట్టుకుని, చెంప పక్కగా దీపం పెట్టి కంట్లోకి చూసింది. కంట్లో రిమూవర్ లేదు, నీళ్ళున్నాయి. అది సరే. కానీ ఆ మొహం! దీపం ఉన్నవైపు గుంత లేదు, నీడ లేదు. చర్మం ఎలా ఉన్నది అలాగే ఉంది, చెంప మీద చిన్న పుట్టుమచ్చతో సహా. రెండోవైపు మాత్రం పైనున్న గుత్తి కింద ఇంకా ముసలితనమే.

"అత్తయ్యా! ఇంకో కొమ్మ! బాబాయ్, పైవి ఆపెయ్!"

బాబాయి పైనుంచి ఇంకో కొమ్మ విప్పి, వైరు తగిలించి ఇచ్చాడు. అత్తగారు రెండోవైపు పట్టుకుంది. చెరో చెంప పక్కన చెరో తెల్లటి పువ్వు, మధ్యలో చిన్నకోడలు ముక్కు చీదుతూ కూర్చుంది.

"అద్దంలోకి చూడవే" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చూసింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. అద్దం ముందున్న మేకప్ రంగు తీసి మణికట్టు మీద గీసుకుని, కిటికీ దగ్గరికి పరిగెత్తి మిగిలిన పగటి వెలుతురులో చూసుకుంది, మళ్ళీ వచ్చి దీపాల మధ్య చూసుకుంది.

"అదే రంగు అక్కా! ఇక్కడా అదే, అక్కడా అదే!"

"పొద్దున్నుంచీ నేనెక్కిన నిచ్చెన మళ్ళీ ఎక్కాలన్నమాట" అన్నాడు బాబాయి, ఎవరూ వినలేదు.

దీపాలు ఉండాల్సింది నెత్తి మీద కాదు, మొహం పక్కన. రెండు గుత్తుల్ని విప్పి, ఒక్కో అద్దానికి అటొకటి ఇటొకటి కొమ్మ బిగించాలి. అంతా బాగానే ఉంది గానీ, కొమ్మను గోడకు ఆనించడానికి వెనక ఒక దిమ్మె లాంటిది కావాలి. గుత్తికి పైకప్పు దగ్గర బోర్లించిన ఇత్తడి మూత ఒక్కటే ఉంటుంది. రెండు మూతలు ఆరు కొమ్మలకు ఎలా చాలుతాయి? ఆదివారం సాయంత్రం షాపులు కూడా ఉండవు.

అత్తగారు లేచి వెనక గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఒళ్ళో చిన్న చిన్న ఇత్తడి గిన్నెలున్నాయి. ఆవిడ పని మొదలుపెట్టిన రోజుల్లో మొహాలకు పిండి కలిపిన గిన్నెలు. వాటిని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరుగుతాయని కోడళ్ళిద్దరికీ తెలుసు.

"బోర్లించి కన్నం పెట్టు" అంది బాబాయితో.

"వదినా, ఆలోచించుకో. కన్నం పెడితే మళ్ళీ గిన్నె అవ్వదు."

"నేనిప్పుడు పిండి కలుపుతున్నానా ఏమిటి? గోడకుంటే రోజూ కనిపిస్తాయి. పెట్టు."

డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ ఆవిడ చెవులు మూసుకుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు. దీపాలు పెట్టే వేళకు ఆరు కొమ్మలూ గోడకెక్కాయి. మూడో గుత్తిని మాత్రం అత్తగారు కూర్చునే బల్లకు పైన వేలాడదీశారు. దాని పువ్వుల్ని మళ్ళీ పైకి తిప్పించుకుంది ఆవిడ.

ముగ్గురు ఆడవాళ్ళూ మూడు కుర్చీల్లో కూర్చుని అద్దాల్లో తమని తాము చూసుకుంటూ ఉండిపోయారు. అంత సంతోషం ఆ కొట్లో చాలాకాలంగా లేదు. పెద్దకోడలికి ఆ మాట గొంతు దాకా వచ్చింది. పక్కకు తిరిగి నోరు తెరిచింది కూడా.

"బల్బులు బాగా కుదిరాయి కదూ" అంది.

చిన్నకోడలు ఆవిడ వంక కాసేపు చూసింది. "బాగా కుదిరాయి" అంది.

సోమవారం మొదటి కస్టమర్ కండక్టరమ్మ. ఆ రోజు ఆవిడ ఉద్యోగానికి చివరి రోజు, డిపోలో అందరితో ఫొటో ఉంది. "ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టిన మొహం, కాస్త మనిషిలా చెయ్యండమ్మా" అంటూ కూర్చుంది. చిన్నకోడలు తెర దించింది, పని చేసింది, తెర ఎత్తింది. కండక్టరమ్మ అద్దంలోకి చూసి, బస్సులో అరిచినట్టే "అబ్బో!" అని అరిచింది. చిన్నకోడలికి అది చాల్లేదు. ఆవిడను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళి ఎండలో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసింది. వంకాయ లేదు, బీట్‌రూట్ లేదు. లోపల ఏ మనిషో బయట అదే మనిషి. చిన్నకోడలు నడివీధిలో చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. గుమ్మంలోంచి చూస్తున్న పెద్దకోడలికి కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే ఎదుటి సెలూన్ మేడమ్ తన తలుపు దగ్గరికి వచ్చి, చెయ్యి ఊపి పిలిచింది.

చిన్నకోడలు వెనక్కి తిరిగి, "అక్కా, ఒకసారి వెళ్ళొస్తాను" అంది.

"ఆఁ" అంది పెద్దకోడలు. లోపలికెళ్ళి అత్తగారి తల కడగడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. షాంపూ మీద షాంపూ పోసింది. బేసిన్ నిండా నురుగు.

"అడిగావా దాన్ని?" అంది అత్తగారు కళ్ళు మూసుకునే.

"ఏమని?"

"ఉండమని."

"దాని మంచి అది చూసుకోవాలి కదా అత్తయ్యా. నేనెలా అడుగుతాను?"

"అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు అడక్కుండానే అది ఉండిపోవాలంటే ఎలా?"

పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి. తలెత్తి అద్దం తలుపులోంచి చూసింది. చిన్నకోడలు వీధి దాటేసింది. సెలూన్ మెట్లెక్కుతోంది.

ఇక ఆవిడ ఆగలేదు. నురుగు చేతులతోనే పరుగెత్తింది. ఒక సైకిలు వాడు బ్రేకు వేశాడు, వెనక వ్యాను వాడు హారను కొట్టాడు, ఆవిడకేమీ వినబడలేదు. నడివీధిలో నిలబడి, ఇన్నాళ్ళూ దాచుకున్న నోరంతా ఒక్కసారి తెరిచింది.

"వెళ్ళకే! ఉండవే!"

వీధి మొత్తం ఆగింది. చిన్నకోడలు మెట్టు మీదే వెనక్కి తిరిగింది.

"లైట్ల కోసం కాదే. కొట్టు కోసం కూడా కాదు. నువ్వు పక్క కుర్చీ దగ్గర లేకపోతే నాకు పొద్దు గడవదు. నేనెవరితో పోట్లాడను, ఎవరికి చెప్పుకోను? నీ మంచికి అడ్డం పడుతున్నానేమో, పడనీ. నాకు నువ్వు కావాలే!"

చిన్నకోడలు మెట్లు దిగి వచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడి, ఒక పక్క కళ్ళ నీళ్ళు కారుతుంటే ఇంకో పక్క కయ్యానికి దిగింది.

"ఈ ముక్క గిన్నెలు తోముతున్న రోజు అంటే ఏం పోయేది? నేను పోయినా నీకేం కాదేమో అనుకున్నానక్కా. రోజూ చూస్తున్నాను, ఇవాళంటావా, రేపంటావా అని. దీపాలు విప్పించావు. గోడలు తొలిపించావు. అత్తయ్య గిన్నెలకి కన్నాలు పెట్టించావు. అన్నీ చేశావు గానీ ఈ మాట ఒక్కటీ అనలేదు. దీనికి పైసా ఖర్చు లేదు కదా!"

పెద్దకోడలి దగ్గర దానికి జవాబు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకు జవాబు లేకపోవడం అదే మొదటిసారి అని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ నురుగు చేతులతోనే చిన్నకోడల్ని దగ్గరికి లాక్కుంది. చిన్నకోడలి జాకెట్టు వీపంతా షాంపూ అయింది, తను కూడా విడిపించుకోలేదు.

మెట్ల మీద నిలబడి ఉన్న సెలూన్ మేడమ్ గొంతు సవరించుకుంది. "అయితే నాకు జవాబు వచ్చేసినట్టే" అని, కాస్త మొహమాటపడి, "అది కాదు గానీ, ఆ అద్దాల పక్కన లైట్లు ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

ఇద్దరూ జవాబు చెప్పేలోపు పార్లర్ గుమ్మంలోంచి గావుకేక వినిపించింది. అత్తగారు భుజాల మీద తువ్వాలుతో, తల మీద ఒక నురుగు గోపురంతో, తలుపు పట్టుకుని తడుముకుంటూ నిలబడి ఉంది.

"లైట్ల సంగతి తర్వాత! నా కళ్ళు మండిపోతున్నాయి, ఎవరో ఒకరు వచ్చి తల కడగండే!"

ఇద్దరూ పరుగెత్తారు. ఒకరు నీళ్ళు పోశారు, ఒకరు జుట్టు రుద్దారు. ఆవిడ ఇద్దర్నీ కలిపి తిడుతూనే ఉంది.